రేడియోలో క్యాజువల్ అనౌన్సర్‌ని. డబ్బింగ్ కోసం టీచరు ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లొచ్చా?

ప్రొద్దుటూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. డబ్బింగ్‌లో గానీ, సీరియల్స్‌లో గానీ, రేడియోలో గానీ పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. పది రోజులుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

నాకు 26 ఏళ్లు. మాది ప్రొద్దుటూరు. ఎమ్మే తెలుగు, బీఈడీ చేసి ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు తెలుగు చెప్తున్నాను. జీతం 16,000. మూడేళ్లుగా కడప ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా కూడా చేస్తున్నాను, అంటే పర్మనెంటు కాదు, పిలిచినప్పుడు డ్యూటీకి వెళ్లడమే. నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు, ఆ ఆరూ ప్రతి నెలా రావు. ఉదయం ట్రాన్స్‌మిషన్ పడితే ముందురోజు సాయంత్రమే బస్సెక్కి కడపలో మా పిన్ని వాళ్లింట్లో పడుకుని, చీకటితోనే లేచి స్టూడియోకి వెళ్తాను. ఎర్రలైటు వెలిగాక, ఫేడర్ (మైకు శబ్దం పెంచే మీట) పైకి తోసి "ఆకాశవాణి, కడప కేంద్రం" అని చెప్పే ఆ ఒక్క క్షణం కోసం వారమంతా ఎదురుచూస్తానంటే నమ్మండి.

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి, తెలిసినవాళ్ల ద్వారా ఒక డబ్బింగ్ స్టూడియోలో వాయిస్ టెస్ట్ ఇచ్చాను. హిందీ సీరియల్‌ని తెలుగులోకి మారుస్తున్నారు. కాగితం చూసి చదివినంతసేపూ బాగా వచ్చింది. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టి, తెర మీద బొమ్మ వేసి చెప్పమన్నారు. భార్య భర్తను నిలదీసే సీను. "ఎందుకు దాచారు నా దగ్గర?" అనాలి. నేను కోపంగా "ఏంటికి దాచారు నా దగ్గర?" అనేశాను. లోపల ఉన్న ఇంజినీరు నవ్వాడు. మళ్లీ చెప్పాను, సరిగ్గానే వచ్చింది. కానీ బయటికి వచ్చేటప్పుడు ఒకాయన "గొంతు బాగుందమ్మా, ఆ సీమ యాస కొంచెం వదిలించుకో" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అయినా పోయిన వారం ఫోన్ చేశారు. రెండు చిన్న పాత్రలు ఇస్తామంటున్నారు. ఎపిసోడుకి 500. వారానికి ఆరు ఎపిసోడ్లు ఉంటాయట. నెలాఖరులోగా హైదరాబాద్ వచ్చి ఉండాలి. కాగితం మీద ఏమీ లేదు, అంతా నోటిమాటే. హాస్టల్ అడిగితే తిండితో కలిపి 7,000 అన్నారు.

నాన్న చీరల కొట్లో గుమాస్తా. "రేడియో అంటే గౌరవం. ఆ సినిమా వాళ్ల మధ్యకు ఒంటరిగా ఏంటికి పోవడం?" అంటున్నాడు. అమ్మ ఏమీ అనడం లేదు, అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ పోలేనేమో అని నాకు భయం. ఉద్యోగం మానేసి వెళ్లమంటారా?

కృష్ణానగర్ శ్రీను

చెల్లెమ్మా, నేనైతే వచ్చేయమంటాను. పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాను, సీరియల్స్‌లో చిన్న వేషాలు వేస్తాను. డాక్టరు, కానిస్టేబులు, పెళ్లిచూపులకు వచ్చిన పెళ్లికొడుకు బాబాయి, ఏది ఇస్తే అది. ఇక్కడ పని ఎలా వస్తుందో తెలుసా? రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ వస్తుంది, "రేపు పొద్దున ఏడింటికి లొకేషన్‌లో ఉంటావా?" అని. ఊళ్లో ఉన్నవాడు ఉండలేడు. యూసుఫ్‌గూడలో రూము ఉన్నవాడు ఉంటాడు. అంతే తేడా.

వేణు ఎల్దండి అన్నను చూడు, మా సిరిసిల్ల వైపు మనిషి. సినిమాల్లో చిన్న చిన్న కామెడీ వేషాలు వేశాడు, 'జబర్దస్త్'లో స్కిట్లు చేశాడు, 2023లో 'బలగం' తీసి డైరెక్టర్ అయ్యాడు. ఇక్కడే పడి ఉన్నాడు కాబట్టి అయింది. ఆ సినిమాలో వాళ్లు మాట్లాడింది మా ఊరి మాటే. కాబట్టి యాస గురించి బాధపడకు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. చేతిలో ఆరు నెలల ఖర్చు లేకుండా బస్సెక్కొద్దు. నేను ఎక్కాను. మొదటి ఏడాది రూము అద్దె కట్టలేక రెండుసార్లు సామాన్లు బయట పెట్టించుకున్నాను. ఆడపిల్లవు, నీకు ఆ పరిస్థితి రాకూడదు.

పున్నమ్మతోట

అమ్మాయ్, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాకు 61 ఏళ్లు. విజయవాడ పున్నమ్మతోటలో ఆకాశవాణి మెట్లెక్కింది 18 ఏళ్లప్పుడు, యువవాణి కార్యక్రమానికి. ఆ తర్వాత నాటకాల్లో చేశాను. 1996లో హైదరాబాద్ వచ్చి పాతికేళ్లు డబ్బింగ్ చెప్పాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు ఆ "ఏంటికి" సంగతి. నువ్వు సిగ్గుపడుతున్నావు గానీ, నాకు ఆ మాట చదవగానే ప్రాణం లేచి వచ్చింది. కోపం సీన్లో నోటికి సొంత ఊరి మాట వచ్చిందంటే, నువ్వు కాగితం చదవడం మానేసి ఆ మనిషివై మాట్లాడావన్నమాట. చదివేవాళ్లకు ఆ తప్పు రాదు. వాళ్లకు రాసింది రాసినట్టే వస్తుంది, చప్పగా. రెండో మాటు నువ్వు "ఎందుకు" అని సరిగ్గా చెప్పావు కదా, అంటే నీకు రెండు పలుకుబడులూ ఉన్నాయి. ఒకదాన్ని వదిలించుకోవడం ఎందుకు? అవసరాన్ని బట్టి ఏది కావాలంటే అది తీసేటట్టు సాధన చెయ్యి. జయప్రకాశ్ రెడ్డి గారు కర్నూలు జిల్లా మనిషి, లెక్కల మాస్టారుగా పనిచేశారు. తెర మీద ఆయన్ని నిలబెట్టింది ఏమిటి? ఆ సీమ మాటే. 2020లో ఆయన పోయినప్పుడు జనం తలచుకున్నదీ ఆ మాటనే. నీకు పుట్టుకతో వచ్చినదాన్ని కోస్తావాళ్లు, హైదరాబాద్ వాళ్లు డబ్బిచ్చి నేర్చుకునే రోజు వస్తుంది. పారేసుకోకు.

నన్నూ మొదట్లో ఆపేశారు, "శ"కీ "ష"కీ తేడా పలకడం లేదని. నాటక విభాగంలో ఒక పెద్దాయన ఆరు నెలలపాటు, స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడల్లా, నా చేత పద్యాలు చదివించారు. నాటకం ఆడిషన్ మొదటిసారి తప్పాను. రెండోసారి బి గ్రేడ్ వచ్చింది. అక్కడి నుంచి బి హై, ఆపైన ఏ, ఆ పైన టాప్. నేను బి హై దగ్గర ఆగిపోయాను. కానీ ఆ నాటకాలే నాకు బువ్వ పెట్టాయమ్మా. ఒకే మైకు ముందు నలుగురం నిలబడేవాళ్లం. కాగితాలకు పిన్ను తీసేసి, చదివిన కాగితాన్ని చప్పుడు కాకుండా కిందికి జారవిడవాలి. దూరం నుంచి వస్తున్నట్టు చెప్పాలంటే నాలుగడుగులు వెనక్కి వెళ్లి, మాట్లాడుతూ మైకు దగ్గరికి నడవాలి. ఏడవాలంటే మొహం కనిపించదు కాబట్టి ఊపిరిలోనే ఏడుపు వినిపించాలి. ఇవన్నీ నాకు తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. నువ్వు అనౌన్సర్‌గా ఉన్నావు గానీ నాటకం ఆడిషన్ ఇచ్చినట్టు రాయలేదు. ఇవ్వలేదా? ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఆ దరఖాస్తు పెట్టు.

అనౌన్స్‌మెంటు వేరు, డబ్బింగ్ వేరు. నువ్వు స్టూడియోలో చెప్పేటప్పుడు వేగం నీది, విరామం నీది. డబ్బింగ్‌లో తెర మీద మనిషి ఊపిరే నీ ఊపిరి. ఆమె పెదాలు కలిసినచోట నీకు ప, బ, మ లాంటి అక్షరం రావాలి. హిందీలో వాక్యం చివర "హై" అని నోరు తెరుచుకుని ఆగుతుంది, మనకు "ఉంది", "వచ్చాడు" అని ముడుచుకుంటుంది. అందుకే డబ్బింగ్ రచయితలు చివర "కదా" అనో "మరి" అనో అతికిస్తారు. అది అతుకులా వినిపించకుండా చెప్పడమే మన పని. ఇంట్లో ఏదైనా హిందీ సీరియల్ పెట్టి, శబ్దం తీసేసి, ఒక్క పాత్ర పెదాలు మాత్రమే అరగంట చూడు. ఎక్కడ మూసుకున్నాయో వేలితో బల్ల మీద కొట్టు. నెల రోజులు ఇది చేస్తే సగం పని వచ్చేస్తుంది.

ఇప్పుడు డబ్బు. ఎపిసోడుకి 500, వారానికి ఆరు అంటే నెలకు 12,000 అని నువ్వు లెక్క వేసుకున్నావనుకుంటున్నాను. అలా రాదు. నీవి చిన్న పాత్రలు. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఉండవు. నా అనుభవంలో చిన్న పాత్రకు నెలలో పద్నాలుగో పదిహేనో పడేవి. అంటే 7,500. హాస్టల్‌కే 7,000. పైగా డబ్బు రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తుంది. నేను ఒక సీరియల్‌కి 42 ఎపిసోడ్లు చెప్పాను. ఉన్నట్టుండి సీరియల్ ఆపేశారు, నన్ను తీసుకెళ్లిన కోఆర్డినేటర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒక్క రూపాయి రాలేదు. మా అబ్బాయి స్కూలు ఫీజుకి చెవి దుద్దులు తాకట్టు పెట్టాను. ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను: తేదీ, స్టూడియో, పాత్ర పేరు, ఎపిసోడ్ నంబర్లు, చెప్పిన రేటు, ఎవరు చెప్పారు, డబ్బు ఎప్పుడు వచ్చింది. నువ్వు మొదటి రోజే మొదలుపెట్టు. రేటు, ఎన్నాళ్లకు ఇస్తారు అనేది వాట్సాప్‌లో అయినా సరే రాయించుకో. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టేవాళ్ల దగ్గర పనిచేయక్కర్లేదు.

ఉద్యోగం మానేయాలా అన్నావు. ఇప్పుడు వద్దు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. ఆ పిల్లల్ని జనవరిలో వదిలి రావడం నీ మనసుకే నచ్చదు, నువ్వు రాసిన తీరు చూస్తే తెలుస్తోంది.

ఇంకో మాట. ఈ రంగంలోకి వచ్చినవాళ్లంతా అన్నీ వదిలేసి దూకినవాళ్లే అనుకుంటారు. గొల్లపూడి మారుతీరావు గారి సంగతి మీ కడపవాళ్లకు తెలిసే ఉండాలి. 1959లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటరుగా చేరారు, తర్వాత రేడియోలోకి వచ్చారు. ఆ ఉద్యోగం చేస్తూనే నాటకాలు రాశారు, 1964 నాటికే సినిమాకు స్క్రీన్‌ప్లే రాశారు. మీ కడప కేంద్రంలో అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టర్‌గా ఉండి రేడియో నుంచి బయటికి వచ్చారు. నటుడిగా మొదటి సినిమా 1982లో, అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. నువ్వు ఎర్రలైటు కింద కూర్చునే ఆ కేంద్రంలోనే, అమ్మాయ్. మా విజయవాడ కేంద్రం నుంచి వెళ్లిన వీరభద్రరావు గారు కూడా అంతే. రేడియోలో ఏళ్ల తరబడి నలిగిన గొంతు అది. 1982లో జంధ్యాల గారి సినిమాతో ఆయన పేరుకు ముందు "సుత్తి" చేరింది, ఆ తర్వాత ఆరేళ్లే బతికారు. ఆ ఆరేళ్లలో తెలుగువాళ్లు మరచిపోలేనంత నవ్వించారు. నేను యువవాణిలో చేరిన కొత్తలో మా క్యాంటీన్‌లో ఎప్పుడూ ఆయన మాటే.

ఘంటసాల గారు మద్రాసులో పానగల్ పార్కులో పడుకున్నారు కదా అని ఎవరైనా నీకు చెప్తే, ఒకటి గుర్తుపెట్టుకో. నిజమే, పడుకున్నారు. కానీ పార్కుకి వెళ్లేముందే విజయనగరం సంగీత కళాశాలలో, మధూకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని తింటూ, చదువు పూర్తి చేశారు. మద్రాసులో రేడియోలో పాడారు, సినిమాల్లో కోరస్ పాడారు, చిన్న వేషాలు వేశారు. పార్కు గురించి అందరూ చెప్తారు, ఆ చదువు గురించి తక్కువమంది చెప్తారు. నాకు అది బాధగా ఉంటుంది.

నేను చెప్పేది ఇది. ఆ స్టూడియోకి ఫోన్ చేసి, "వారమంతా ఉండలేను, ఆదివారాలు వచ్చి మొత్తం ఒకేసారి చెప్తాను, కుదురుతుందా?" అని అడుగు. మా రోజుల్లో అయితే కుదిరేది కాదు. లూపు, అంటే సీను ముక్కను మళ్లీ మళ్లీ తెర మీద వేస్తే ఆ సీన్లో ఉన్నవాళ్లందరూ ఒకే గదిలో ఉండాలి, ఒకరు తప్పితే అందరూ మళ్లీ చెప్పాలి. ఇప్పుడు ఎవరి ట్రాక్ వాళ్లదే, విడిగా రికార్డు చేస్తారు. చిన్న పాత్ర కాబట్టి ఏడెనిమిది ఎపిసోడ్లు ఒక పూటలో అయిపోతాయి. ఒప్పుకుంటే ఏప్రిల్ దాకా అలా చెయ్యి. వేసవి సెలవుల్లో వెళ్లి నెలన్నర ఉండి చూడు. నోట్‌బుక్‌లో లెక్క నీకే చెప్తుంది.

మీ నాన్నగారి మాట కొట్టిపారేయకు. మొదటిసారి ఆయన్ని తీసుకెళ్లు. థియేటర్ ఎలా ఉంటుందో, ఎవరెవరు ఉంటారో చూస్తే ఆయన భయం సగం తగ్గుతుంది. మా నాన్న పున్నమ్మతోటలో గేటు దగ్గర చెట్టు కింద రెండు నెలలు కూర్చున్నాడు. తర్వాత రావడం మానేసి, ఇంట్లో రేడియో దగ్గర కూర్చునేవాడు.

ట్రాక్ సింగర్, రాజమండ్రి

పున్నమ్మతోట అమ్మగారికి నమస్కారం. మీరు చెప్పినవాటిలో ఎక్కువ శాతం నిజం. ఒక్క చోట మాత్రం నేను వేరుగా అనుకుంటున్నాను, అది నా అనుభవం.

నేను పాటల వైపు. టీవీలో ఒక పాటల పోటీలో చివరి ఎనిమిది మంది దాకా వెళ్లాను. అప్పుడు నాకు 19. ఊళ్లో ఫ్లెక్సీలు కట్టారు. ఇక సినిమా పాటలే అనుకున్నాను. రాజమండ్రి వచ్చి కూర్చున్నాను, ఫోన్ వస్తుందని. ఏడాదిన్నర రాలేదు. ఒకసారి మధ్యాహ్నం వచ్చింది. ట్రాక్ పాడాలి, సాయంత్రం ఆరుకల్లా కావాలి అన్నారు. ట్రాక్ అంటే, పెద్ద గాయకులు తర్వాత పాడటానికి ముందుగా మనం పాడి ఇచ్చేది. నేను రాజమండ్రిలో ఉన్నానని చెప్పగానే "సరే తమ్ముడూ" అని పెట్టేశారు. ఆ రోజు పాడిన కుర్రాడి గొంతునే చివరికి సినిమాలో ఉంచేశారు. అతనికి ఆ తర్వాత పదిహేను పాటలు వచ్చాయి. నాకు అతని మీద అసూయ లేదు, బాగా పాడతాడు. కానీ ఆ రాత్రి గోదావరి గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

కాబట్టి అక్కా, ఆదివారాల ఏర్పాటు మంచిదే గానీ, అది అలవాటైపోతే ప్రమాదం. ఊళ్లో జీతం, అమ్మ చేతి అన్నం ఉంటే మనిషికి కదలబుద్ధి కాదు. ఎప్పటిదాకా అనేది ఇప్పుడే తేదీతో సహా రాసిపెట్టుకోండి.

పోటీల మీద కూడా ఒక మాట, ఇక్కడ చదివే పిల్లల కోసం. శ్రీరామచంద్ర 2010లో ఇండియన్ ఐడల్ గెలిచారు, రేవంత్ 2017లో గెలిచారు. మన తెలుగు పిల్లలు హిందీలో పాడి గెలిచారు, నాకు చాలా గర్వం. కానీ పోటీ మన మొహాన్ని నలుగురికి చూపిస్తుంది అంతే. నాకు పని ఎక్కడి నుంచి వచ్చిందంటే కోరస్‌ల నుంచి, భక్తి పాటల ఆల్బమ్‌ల నుంచి, పెళ్లి సంగీత్‌ల నుంచి. మొదటి ట్రాక్‌కి 500 ఇచ్చారు. ఇప్పుడు ఇంట్లోనే గదికి పరుపులు అడ్డం పెట్టి, మంచి మైకు కొనుక్కుని పాడి పంపిస్తున్నాను. ఆ మైకు నాలుగేళ్ల ముందు కొని ఉంటే ఆ మధ్యాహ్నం ఫోన్ వేరుగా ముగిసేది.

బాలు గారిని మనం గాయకుడిగానే తలుచుకుంటాం. 1966లో మొదటి సినిమా పాట పాడారు. కానీ కమల్ హాసన్ గారికి తెలుగులో గొంతు ఇచ్చిందీ ఆయనే. సంగీతం చేశారు, నటించారు, 1996 నుంచి ఈటీవీలో 'పాడుతా తీయగా' నడిపారు. గాయని సునీత గారు కూడా పాడుతూనే ఎంతోమంది హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పారు. గొంతుతో బతికేవాళ్లం ఒక్క గదిలో కూర్చోకూడదు. మీరు పాడగలరా అక్కా? పాడగలిగితే అదీ చెప్పండి స్టూడియోలో. సీరియల్‌లో జోలపాట, పూజ సీను వస్తే మిమ్మల్నే అడుగుతారు.

ఇంకొక ముఖ్యమైన విషయం. ఈ మధ్య కొన్నిచోట్ల సంతకం పెట్టమని ఇచ్చే కాగితంలో, మన గొంతును కంప్యూటర్‌కు నేర్పించి వాడుకోవచ్చు అనే అర్థం వచ్చే వాక్యం ఉంటోంది. నేను ఒకదానిలో చూసి కొట్టేయించాను. కాగితం లేకపోవడం ఎంత తప్పో, చదవకుండా సంతకం పెట్టడం అంతకన్నా తప్పు.

ప్రొద్దుటూరు అమ్మాయి

ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అమ్మా, మీరు రాసింది మా నాన్నకు చదివి వినిపించాను. చెట్టు కింద కూర్చున్న మాట దగ్గర మళ్లీ చదవమన్నాడు.

స్టూడియోకి ఫోన్ చేశాను. మొదట కుదరదు అన్నారు. రెండు రోజుల తర్వాత వాళ్లే చేశారు. రెండు పాత్రల్లో ఒకటి ఇంకొకరికి ఇచ్చేశారట. రెండోది, అంటే మరదలి పాత్ర, ఆదివారాలు వచ్చి చెప్పమన్నారు. రేటు, డబ్బు 60 రోజుల్లో ఇస్తామన్న మాట వాట్సాప్‌లో పెట్టించుకున్నాను. మొన్న శనివారం స్కూలు అవ్వగానే నాన్నా నేనూ రాత్రి బస్సెక్కాం. ఆదివారం ఏడు ఎపిసోడ్లు చెప్పాను. నాన్న లోపల ఇంజినీరు పక్కన కుర్చీలో కూర్చుని మధ్యాహ్నం దాకా కదల్లేదు. తిరుగు బస్సులో "నువ్వు ఏడ్చినప్పుడు నిజంగా ఏడుస్తాండావని లేచినా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

నాటకం ఆడిషన్‌కు కడపలో దరఖాస్తు ఇచ్చాను. తమ్ముడూ, మీరు చెప్పినట్టు తేదీ రాసుకున్నాను: వచ్చే ఏడాది ఏప్రిల్ 30. శ్రీను అన్నా, ఆరు నెలల ఖర్చు అప్పటికి కూడబెడతాను.

ఇప్పుడొక కొత్త కష్టం వచ్చింది. అదే సీరియల్లో తొమ్మిదేళ్ల పిల్లాడు ఉన్నాడు. వాడికి చెప్పే ఆమె మానేస్తోందట, "ప్రయత్నిస్తావా?" అని అడిగారు. ఇంటికి వచ్చి ప్రయత్నిస్తే గొంతు సన్నగా కీచుమంటోంది గానీ పిల్లాడిలా లేదు. అమ్మా, ఎలా సాధన చేయాలి?

పున్నమ్మతోట

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

పిల్లాడి గొంతు నాకు ఇష్టమైన పని, పదేళ్లు చెప్పాను. సన్నం చేయకు. అందరూ చేసే పొరపాటు అదే. గొంతు సన్నం చేస్తే చిలకలా ఉంటుంది, రెండు ఎపిసోడ్లకే బొంగురు పోతుంది. పిల్లాడికీ పెద్దవాళ్లకూ తేడా ఊపిరి దగ్గర ఉంది. వాడు మాట్లాడేముందు ఊపిరి తీసుకోడు, మాట మధ్యలో తీసుకుంటాడు. "నేను స్కూలుకీ... వెళ్లనూ" అని మాట చివర కొంచెం సాగదీస్తాడు. మాట చెప్పేలోపే ఇంకో ఆలోచన వస్తుంది వాడికి, అందుకే తొందర. నోరు ముందు భాగంలో, పళ్ల వెనకాల నుంచి మాట్లాడు. మాట్లాడేటప్పుడు చిన్నగా నవ్వుతున్నట్టు బుగ్గలు పైకి పెట్టు, గొంతు దానంతట అదే తేలికపడుతుంది.

నీకు ఒక అదృష్టం ఉంది, స్కూల్లో ఉన్నావు. మధ్యాహ్నం భోజనాల గంటలో నాలుగో తరగతి పిల్లల దగ్గర కూర్చో. చెప్పింది వినకు, ఎలా చెప్తున్నారో విను. కంప్లయింట్లు చెప్పడానికి పరుగెత్తుకొచ్చే పిల్లాడు ఒకడుంటాడు ప్రతి స్కూల్లో. వాణ్ణి పట్టుకో. వారం రోజులు వాడు చెప్పింది వాడిలాగే వాడికే తిరిగి చెప్పు.

అరిచే సీన్లు ఏవైనా ఉంటే ఆదివారం చివర్లో పెట్టమను, ముందు పెడితే మరదలి గొంతు పోతుంది. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు తీసుకెళ్లు. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చోకు, గాలి తగులుతుంది. ఒకటి రెండు ముక్కలు రికార్డు చేసి నాకు పంపు, విని చెప్తాను.